ఈశాన్యంలో వాగు

నేను ఒక పటాన్ని. దేవుడి పటాన్ని కాదు, చెప్పులు విప్పకండి. ఉప్పలమడుగు పంచాయతీ ఆఫీసులో ప్రెసిడెంటుగారి కుర్చీ వెనక గోడకు వేలాడిన ఊరి పటాన్ని. మనిషి నిలువెత్తు, రెండు బారల వెడల్పు, పైనా కిందా టేకు కర్రలు, మధ్యలో మందపాటి గుడ్డ మీద రంగులు. నాలో ఊరుంది, చెరువుంది, గుడి, మసీదు, బడి, రైసుమిల్లు, వాగు అన్నీ ఉన్నాయి. లేనిదొకటుంది. దాని కథే ఇది.

పటం అంటే మీకు మహా నమ్మకం. మనిషి నోటితో చెబితే సవాలక్ష ప్రశ్నలు వేస్తారు, అదే మాట గోడమీద రంగుల్లో కనిపిస్తే కళ్ళకద్దుకుంటారు. "పోస్టాఫీసు అటుందండీ" అని పక్కింటివాడు చెబితే నమ్మక ఇంకొకరిని అడిగే పెద్దమనిషి, పటంలో చుక్క చూశాడంటే గోడకు గుద్దుకునేదాకా నడుస్తాడు. ఇది మీ మీద విసురు అనుకోకండి. నా బతుకంతా మీ ఈ గుణం మీదే నడిచింది కాబట్టి కృతజ్ఞత అనుకోండి.

నేను పుట్టింది మండల కేంద్రంలో, బస్టాండు వెనక సందులో, జిలానీ ఆర్ట్స్ అనే రేకుల కొట్లో. జిలానీ ఒకప్పుడు సినిమా బ్యానర్లు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని మింగేశాక షాపుల షట్టర్ల మీద, ఆటోల వెనక, ఎన్నికలప్పుడు గోడల మీద బతుకుతున్నాడు. నా గుడ్డ నిజానికి ఏదో సినిమా కోసం కొన్నది. హీరో ముఖం సగం రాసేసరికి థియేటరువాళ్ళు వద్దన్నారట. ఆ ముఖం మీద తెల్లరంగు పూసి నన్ను తయారు చేశాడు. ఎండలో ఎత్తి పట్టుకుంటే ఇప్పటికీ నా చెరువుకట్ట వెనక ఒక మీసం కనిపిస్తుంది. నాలో కొలత తప్పనిది ఆ మీసం ఒక్కటే.

నాకు ముందు పంచాయతీలో ఒక కాగితం పటం ఉండేది. ఎప్పుడో సర్వేవాళ్ళు గొలుసులు లాగి కొలిచి గీసింది. బీరువాలో చెదపురుగులు దాన్ని తమ పద్ధతిలో పరిశీలించాయి. మిగిలిన ముక్కల్ని అటెండరు ఓబులేసు ఒక అట్టమీద అతికించి తెచ్చి, "దీన్ని చూసి పెద్దది రాయమంటున్నాడు ప్రెసిడెంటు" అని జిలానీ చేతిలో పెట్టాడు. ఆ ముక్కల్లో చిల్లవాగు ఊరికి నైరుతి మూల పారుతోంది. వాగు అవతలి ఒడ్డున ఒక పక్కకు నొక్కినట్టు కొన్ని చిన్న చిన్న గడులున్నాయి. అదే ఆవలపేట. ఊరివాళ్ళకు అది ఆవలపేట. పేటవాళ్ళనడిగితే తాము ఉన్నది ఈవలే, ఊరే ఆవల ఉందంటారు. సర్వేవాళ్ళు వాళ్ళనడగలేదు. సర్వేవాళ్ళకు భోజనాలు పెట్టింది ఊరివాళ్ళు.

జిలానీ పంచాయతీ అరుగు మీద నన్ను పరిచి పెన్సిలు గీతలు మొదలుపెట్టగానే ఊరు ఊరంతా దిగింది. నేలమీద గట్టు కోసం కోర్టులకెక్కే మనుషులు, గుడ్డమీద బెత్తెడు చోటు కోసం జిలానీకి టీలు పోయించారు. రైసుమిల్లాయన పొగగొట్టం పొగతో సహా రావాలన్నాడు. హెడ్మాస్టరు బడి మీద జెండా ఎగురుతూ ఉండాలన్నాడు. గుడి ధర్మకర్త గోపురాన్ని ఆ పొగగొట్టంకంటే ఎత్తు చేయించాడు. బ్రాందీషాపు మాత్రం వద్దని మగాళ్ళంతా ఒక్కమాట మీద నిలబడ్డారు, ఊరికి అప్రతిష్ట అట. అక్కడికి దారి మాత్రం ఎవరికీ పటం అవసరం లేకుండానే తెలుసు. ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి శ్మశానాన్ని వేలితో చూపించి, "ఇంత దగ్గర్లో గియ్యబాక నాయనా, రవ్వంత అవతలికి జరుపు" అన్నాడు. జిలానీ జరిపాడు. వచ్చిన కోరికలన్నింటిలో న్యాయమైనది అదొక్కటే అని నాకనిపించింది.

ఇక ప్రెసిడెంటుగారి సంగతి. కాగితాల్లో సర్పంచి అని రాస్తారు గానీ ఊళ్ళో అందరూ ప్రెసిడెంటనే అంటారు. పేరు మాలకొండయ్య. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కథ ఇంత కష్టమయ్యేది కాదు. ఆయనకున్నది వాస్తు. కొందరికి చక్కెర జబ్బు ఉంటుంది చూడండి, అలాగ. సొంత ఇంట్లో మెట్లు తిప్పించాడు, దక్షిణం తలుపు మూయించాడు, వంటిల్లు మార్పించాడు, నీళ్ళ ట్యాంకు ఇంటి మూలలన్నీ తిరిగి చివరికి ఈశాన్యంలో స్థిరపడింది. ఇంత చేసినా ఆయన మోకాలి నొప్పి తగ్గలేదు. ఇల్లంతా సరిగ్గా ఉన్నాక లోపం ఎక్కడుందో చూడమని తన సిద్ధాంతిగారిని పంచాయతీ ఆఫీసుకు తీసుకొచ్చాడు. అప్పుడు నేను అరుగుమీద సగం రంగుల్లో ఉన్నాను.

సిద్ధాంతిగారు నన్ను చూసి ముక్కుమీద వేలేసుకున్నాడు. "నైరుతిలో నీళ్ళా? ఊరి పెద్దకు మోకాలు నొప్పి రాక ఏమొస్తుందండీ? అది బరువుండాల్సిన మూల. నీళ్ళు ఈశాన్యంలో ఉండాలి."

"వాగును ఎట్టా మారుస్తాం సామీ?" అన్నాడు మాలకొండయ్య దీనంగా.

"వాగును మార్చమన్నానా? రోజూ మీ వీపు వెనక ఉండబోయేది పటం. దోషం దానికి లేకుండా చూసుకోండి."

ఈ మాటకు మాలకొండయ్య ముఖం వెలిగిపోయింది. భూమిని కదిలించడం భగవంతుడికే సాధ్యం గానీ, గుడ్డమీద గీతను కదిలించడానికి జిలానీ చాలు.

"వాగు ఆడ లేదు గదా ప్రెసిడెంటుగారూ" అన్నాడు జిలానీ కుంచె పట్టుకుని.

"ఊళ్ళో వాగు ఊళ్ళోనే ఉంటది. ఇది గోడమీది వాగు. నువ్వు గియ్యి."

జిలానీ గీశాడు. ఈశాన్యం మూల దేవుడి మాన్యం మామిడితోపు మధ్యనుంచి నీలంరంగు వాగొకటి వయ్యారంగా బయలుదేరింది. రెండు చేపలు కూడా వేశాడు, తనకు తోచి. తరువాత అతనికొక చిక్కొచ్చింది. "వాగవతల పేట ఉంది గదా, దాన్ని కూడా ఈ మూలకే తెద్దునా?" అని అడిగాడు.

"ఈశాన్యం బోసిగా ఉండాలి. అక్కడ బరువు కూడదు" అన్నాడు సిద్ధాంతి.

"పోనీ పాతచోటే ఉంచేదా?"

మాలకొండయ్య ఆలోచించాడు. "వాగే లేని చోట వాగవతల పేట ఏందయ్యా? చూసినోళ్ళు నవ్వరా?"

తర్కం చూశారా, ఎంత శుభ్రంగా ఉందో. ఎవరూ ఎవరినీ కాదనలేదు, ఎవరూ ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు, ఆవలపేట వెళ్ళిపోయింది. జిలానీ ఆ చోట పచ్చరంగు పూసి రెండు కొబ్బరిచెట్లు నిలబెట్టాడు. ఆ మూల బరువుండాలన్నారని పక్కనే ఒక కొండ కూడా వేశాడు. ఆ కొండ ఉప్పలమడుగులో ఎక్కడా లేదు.

కొబ్బరికాయ కొట్టి నన్ను గోడకెక్కించారు. వచ్చినవాడల్లా ముందు తన ఇల్లు వెతుక్కునేవాడు, అది కనబడగానే పటం బ్రహ్మాండంగా ఉందనేవాడు. ప్రెసిడెంటుగారి ఇల్లు బడి అంత ఉందని ఎవరికీ తప్పనిపించలేదు. బడి కంటే ఆ ఇంటితోనే అందరికీ పని ఎక్కువ. వాగు చోటు మారిందని ఒకరిద్దరు గమనించారు గానీ, సిద్ధాంతిగారి మాట అనగానే తలలూపారు. మాలకొండయ్య మోకాలి నొప్పి తగ్గింది. అదే నెలలో ఆయన కొత్త మాత్రలు మొదలుపెట్టాడనే విషయం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పేరంతా నాకే వచ్చింది, నేను కాదనలేదు.

రోజూ చూస్తూ ఉంటే అబద్ధం కూడా ఇంటిమనిషి అవుతుంది. ఒక ఏడాది గడిచేసరికి మాలకొండయ్యకు నిజంగానే వాగు ఈశాన్యంలో ఉన్నట్టు అలవాటైపోయింది. ఆయన పొలాలు తూర్పున, ఇల్లు ఊరి నడుమ. నైరుతి వైపు ఆయనకు పనేముంది? అటువైపు నుంచి కూలీలు తామే నడిచి వస్తారు.

అప్పుడు వంతెనకు డబ్బు మంజూరైంది. వానాకాలంలో దారి తెగిపోయే పేటలున్న ఊళ్ళకు వాగుల మీద వంతెనలు కట్టిస్తామన్నారు. మా ఊరి పేరు అందులో ఉంది. విజయసారథి అనే కొత్త ఇంజనీరు రోహిణి కార్తె ఎండలో, తలమీద తడిరుమాలుతో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. కొబ్బరినీళ్ళు తాగి తేరుకున్నాక "వాగు ఎక్కడండీ?" అని అడిగాడు. మాలకొండయ్య వెనక్కి తిరగకుండానే భుజం మీదుగా బొటనవేలితో నా ఈశాన్యం మూల చూపించాడు. ఇంజనీరు ఫోనుతో నాకు ఫోటో తీశాడు. మామిడితోపుకు వెళ్ళి చూశాడు. అక్కడ వాననీళ్ళు జారే ఒక పల్లం ఉంది. వేసవిలో మా దేశంలో వాగైనా పల్లమే, పల్లమైనా వాగే, రెండిట్లోనూ ఇసుకా తుమ్మముళ్ళూ తప్ప ఇంకేం ఉండవు. పటంలో ఉన్నచోట పల్లం ఉంది కాబట్టి సరిపోయిందన్నాడు.

మీరు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. ప్రెసిడెంటుకు ఏదో ముట్టింది అంటారు. ఒక్క పైసా ముట్టలేదు. మీకు మోసం అర్థమైనంత బాగా నమ్మకం అర్థం కాదు. నమ్మకంతో చేసే తప్పుకు మోసంతో చేసే తప్పుకంటే రెట్టింపు సిమెంటు పడుతుంది. పెద్దవానలకు ముందే మామిడితోపులో వంతెన లేచింది. రెండు పక్కలా పసుపూ నలుపూ చారల కటకటాలు, మొదట్లో శిలాఫలకం. కింద మేకలు నీడకు పడుకునేవి.

వంతెన ప్రారంభమైన వారానికి దీనమ్మ ఆఫీసుకు వచ్చింది. ఆవలపేటలో నాట్లకూ కోతలకూ ఆడకూలీలను కూడగట్టే మేస్త్రి ఆమె. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కాళ్ళకు ఇంకా పొలం బురదతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ప్రెసిడెంటుగారూ, బ్రిడ్జి ఆడ కట్టారేంది?"

"వాగుమీద కట్టాం దీనమ్మా."

"వాగు ఆడ లేదు గదా."

మాలకొండయ్య ఈసారి లేచి నా ఈశాన్యం మూల వేలు పెట్టాడు. "మరిదేంది?"

దీనమ్మ దగ్గరకొచ్చి నన్ను ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసింది. చదువు రాదు, కానీ నీలంగీత వాగని తెలుసుకోవడానికి చదువెందుకు. కొబ్బరిచెట్ల దగ్గర ఆగి అక్కడ చేత్తో తడిమింది, రంగు కింద ఏమైనా ఉందేమోనన్నట్టు.

"ఇందులో మా పేట యాడుందయ్యా?"

"పటమన్నాక అన్నీ పట్టవు. పైగా ఈశాన్యంలో బరువు పెట్టగూడదన్నారు."

"మేము బరువా? మీ చేలల్లో వంగి వంగి సగమయిపోయినాం." ఆమె గొంతు పెంచలేదు. "మా కూతురు సలోమికి కార్తీకంలో కాన్పు. పోయినేడు వాగు దిగకపోయె, ఒడ్డునే కూర్చోబెట్టుకున్నాం, బిడ్డ పోయింది. అప్పుడు మీరూ వచ్చారు గదా చూడను. ఈసారి బ్రిడ్జి వస్తదంటే, పిల్ల బతుకుతదిలే అనుకున్నాం."

మాలకొండయ్య నిజంగానే వచ్చాడు అప్పుడు. ఇటు ఒడ్డున గొడుగు పట్టుకుని నిలబడి కంటనీరు పెట్టుకున్నాడు కూడా. ఆ వాగు ఏ మూలో ఆ రోజు చూసుకోలేదు. ఇప్పుడు మాత్రం, "మండలంలో అర్జీ పెట్టుకో" అన్నాడు.

దీనమ్మ సోమవారం మండలాఫీసుకు వెళ్ళి బల్ల ముందు నిలబడి మా పేట ఉందని చెప్పుకుంది. పేట మనిషి ఎదురుగా నిలబడి పేట ఉందంటుంటే అధికారులకు చాలలేదు. పటాన్ని ఆ చోటికి తీసుకుపోయి, సరిచూసి, పేట ఉన్నదీ లేనిదీ తెలపమని ఇంజనీరుకూ ప్రెసిడెంటుకూ తాఖీదు వచ్చింది. వెళ్ళడానికి గంట పట్టదు. కానీ ప్రయాణం నైరుతి దిక్కుకు. సిద్ధాంతిగారు పంచాంగం తిరగేశాడు. ఒక రోజు వారశూల, ఒక రోజు వర్జ్యం, ఒక రోజు ప్రెసిడెంటుగారి నక్షత్రానికి పడదు. అలా దిక్కులు కుదిరి మంచిరోజు దొరికేసరికి కార్తీకం వచ్చేసింది.

ఓబులేసు నన్ను చాపలా చుట్టి భుజాన వేసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఊరు చూడటం నాకదే మొదటిసారి. మోకాలి లోతు వాగు దాటి ఆవలపేట చేరాం. ఇళ్ళ మధ్య చిన్న చర్చి, బోరింగు, కోళ్ళు, తాటాకు పందిరి కింద చింతపండు కొడుతున్న ఆడవాళ్ళు. లేదని నేను ఇన్నాళ్ళూ గోడమీద నిలబడి చెబుతూ వచ్చిన చోటు అది. పందిరి గుంజలకు నన్ను కట్టి విప్పారు. పేటంతా చుట్టూ మూగింది. ఇంజనీరు నా ముందు నిలబడి తాము ఉన్నచోటు వెతకడం మొదలుపెట్టాడు.

"మనం ఇప్పుడు ఎక్కడున్నామండీ?"

ఓబులేసు ఆఫీసు గోడను గుర్తుచేసుకుని నా అంచుకు బయట గాల్లో వేలు పెట్టాడు. "ఈడ సార్. స్విచ్చిబోర్డు కాడ."

మాలకొండయ్య నా వైపు చూశాడు, పేట వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. ఇంట్లో ఎవరో అపరిచితుణ్ణి చూసినట్టుంది ఆయన చూపు. ఇంతలో వాన దిగింది. మా వైపు కార్తీకంలో వాన ఈశాన్యం నుంచే వస్తుంది. ఆ మూల నుంచి నీళ్ళు రావాలన్న సిద్ధాంతిగారి కోరిక ఆ మధ్యాహ్నం బ్రహ్మాండంగా తీరింది. చూస్తుండగానే వాగు ఎర్రబడింది, ఒడ్డు కొరుక్కుంటూ లేచింది. ప్రెసిడెంటూ ఇంజనీరూ అటెండరూ పటంలో లేని చోట చిక్కుకుపోయారు.

సలోమికి నొప్పులు మొదలయ్యాయని పందిరి కిందికి కబురొచ్చింది. నెలలు ఇంకా పూర్తిగా నిండలేదు. పేటలో కాన్పులు చూసే ముసలావిడ చూసి, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది, నా చేతిలో లేదు, ఆస్పత్రికి పోవాల్సిందే అని చెప్పింది. దీనమ్మ ముఖం ఒక్కసారిగా మట్టి రంగులోకి మారింది. మాలకొండయ్య వెంటనే ఫోను తీశాడు. అంబులెన్సువాళ్ళు ఎక్కడికి రావాలని అడిగారు. ఆవలపేట అన్నాడు, అలాంటి ఊరు తమ దగ్గర లేదన్నారు. "ఉప్పలమడుగు అయ్యా. బ్రిడ్జి కాడికి రండి, మేము వాగు దాటిస్తాం" అన్నాడు.

పేటలో డోలీ ఉంది. అంటే వెదురుబొంగు ఉంది. దానికి కట్టే దుప్పటి పోయినేడు నీళ్ళల్లోనే చిరిగిపోయింది. చీరలన్నీ పాతవి, తడిస్తే నిలవవు. దీనమ్మ కళ్ళు నామీద పడ్డాయి. మందపాటి గుడ్డ, పైన ఆయిలు రంగు, నీళ్ళు ఇంకవు.

"ఆ గుడ్డ ఇయ్యండి" అంది.

"అది పంచాయతీ రికార్డమ్మా" అన్నాడు ఇంజనీరు, పాపం, అలవాటు కొద్దీ.

"మీ రికార్డులో మేము లేము గదా సార్. లేనోళ్ళం తీసుకుంటే పోయినట్టు ఎట్టా అవుతది?"

టేకు కర్రలు ఊడదీసింది మాలకొండయ్యే. నా నాలుగు కొసలు బొంగుకు బిగించి, సలోమిని నాలో పడుకోబెట్టారు. ఆమె తల ప్రెసిడెంటుగారి ఇంటి మీద, కాళ్ళు రైసుమిల్లు మీద ఉన్నాయి. ఆమె ఒళ్ళు కాలిపోతోంది. గోడమీద ఉన్నన్నాళ్ళూ నన్ను ఎవరూ పట్టుకుని వేలాడలేదు. ఆమె రెండు చేతులతో నా అంచులు పట్టుకుంది. నాకు మొదటిసారి భయమంటే ఏమిటో తెలిసింది.

వాగు పొంగితే పేటవాళ్ళకొక పద్ధతుంది. మగవాళ్ళంతా చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా వరసగా నిలబడతారు. ఎగువన నిలబడ్డవాళ్ళ వరస నీటి ఉరవడిని ఆపుతుంటే, దిగువన డోలీ నడుస్తుంది. ఆ రోజు వరస చాలలేదు. నడిమిలో ఖాళీ పడింది. దీనమ్మ దిగింది, ఓబులేసు దిగాడు. ఇంజనీరు ప్యాంటు మడుచుకుని, మడిచినందువల్ల ప్రయోజనం లేదని తెలుసుకుని దిగాడు. మాలకొండయ్య పంచె ఎగ్గట్టి ఆఖరి ఖాళీలో నిలబడ్డాడు. ఒకపక్క దీనమ్మ చెయ్యి, ఒకపక్క ఎవరో పేట కుర్రాడి చెయ్యి. ఇన్ని మూలలు సవరించి కాపాడుకున్న మోకాలు నైరుతి నీళ్ళలో గజగజ వణుకుతూనే నిలబడింది. నా ముందు కొస బొంగు సలోమి మొగుడు యాకోబు భుజాన, వెనక కొస అతని తమ్ముడి భుజాన. నీళ్ళు నా వీపు తాకి, అంచుల మీదుగా లోపలికీ చిమ్మాయి. జిలానీ వేసిన చేపలు రెండూ మొదటిసారి తడిశాయి.

ఇటు ఒడ్డుకు చేరాం. ఒడ్డున ఎవరూ లేరు. మాలకొండయ్య ఫోను చేశాడు.

"మేము ఎప్పుడో వచ్చేశాం సార్" అన్నాడు అంబులెన్సు డ్రైవరు. "బ్రిడ్జి కాడే ఉన్నాం. ఇక్కడ మామిడిచెట్లున్నయి, వాగేం లేదు. తిప్పుకుందామంటే బురదలో టైరు దిగిపోయింది."

మాలకొండయ్య ఫోను రొంటిన దోపుకున్నాడు. వానలో ఆయన ముఖం మీద నుంచి కారేది ఏమిటో నేను చెప్పలేను. తరువాత వెళ్ళి వెనక బొంగు కిందికి తన భుజం పెట్టాడు.

నైరుతి నుంచి ఈశాన్యానికి. ఊరి ఈ మూల నుంచి ఆ మూలకు, అడ్డంగా. నామీద అది జానెడు జానెడుగా చూపుడువేలు జరిగే దారి. కాళ్ళకింద అది ఎంతదూరమో ఆ రోజు తెలిసింది. ప్రెసిడెంటుగారి ఇల్లు చిటికెలో వెనకబడింది, బడి గోడ మాత్రం ఎంత నడిచినా తరగలేదు. శ్మశానం ముసలాయన జరిపించినంత దూరంలో లేదు, దారి పక్కనే ఉంది. అది దాటేటప్పుడు ఎవరూ అటు చూడలేదు. బ్రాందీషాపు దగ్గర తలదాచుకున్న నలుగురు తూలుకుంటూ వచ్చి బొంగు మార్చుకున్నారు. ఉన్నదంతా నాలో లేదు, నాలో ఉన్నదంతా ఊళ్ళో లేదు. మొదట నవ్వొచ్చింది. సలోమి మూలుగు విన్నాక ఏడుపొచ్చింది.

మామిడితోపు చేరేసరికి ఇక కాన్పు ఆగేట్టు లేదు. అంబులెన్సు ఒక పక్కకు ఒరిగి ఉంది, లోపల పడుకోబెట్టే వీలులేదు. అందులో వచ్చిన నర్సమ్మ చుట్టూ చూసి, "బ్రిడ్జి కిందికి తీసుకురండి, అక్కడ పొడిగా ఉంది" అంది. ఇది నేను కల్పించి చెబుతున్నాననుకుంటారేమో. కట్టేటప్పుడు పల్లాన్ని మట్టి పోసి ఎత్తు చేశారు కాబట్టి నీళ్ళు పక్కకు మళ్ళాయి, ఆ వానలో కూడా వంతెన కింద నేల తడవలేదు. వాగుమీద కట్టి ఉంటే ఆ వంతెన కింద మనిషన్నవాడు నిలబడగలిగేవాడా? మేకల్ని అదిలించి, నన్ను నేలమీద పరిచారు. నర్సమ్మ చేతులకు తొడుగులు వేసుకుంది. దీనమ్మ సలోమి తల ఒళ్ళో పెట్టుకుంది. మగవాళ్ళు అటు తిరిగి వానలో నిలబడ్డారు. చాలాసేపటికి ఒక ఏడుపు వినిపించింది. వాన చప్పుడులో ఆ గొంతు ఎంత చిన్నదో, అయినా అందరికీ వినపడింది.

ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. కోట్లు పోసి కట్టిన వంతెన చివరికి ఒక మనిషిని ఈ ఒడ్డుకు చేర్చింది, నీళ్ళు లేకపోయినా.

తరువాతి కథ మీరు ఊహించగలరు, మీరూ ఈ దేశంలోనే ఉన్నారు కాబట్టి. ఓబులేసు నన్ను ఉతికి తెస్తే పంచాయతీవాళ్ళు వద్దన్నారు. పురుటి మైల అంటిన పటాన్ని ఊరిపెద్ద కుర్చీ వెనక ఎలా తగిలిస్తారు? ఇంజనీరు ఫోనులో నా పాత ఫోటో ఉంది కదా, దాన్ని ఫ్లెక్సీ కొట్టించారు. అందులోనూ వాగు ఈశాన్యంలోనే ఉంది, చేపలతో సహా. కొత్తగా దానిమీద వంతెన కూడా వేశారు. ఆవలపేట చోట అవే కొబ్బరిచెట్లు.

మాలకొండయ్య మారాడా అంటే, మారాడు. ఇప్పుడెవరైనా వాగెక్కడని అడిగితే గోడవైపు చూడడు, కిటికీలోంచి నైరుతికి చెయ్యి చూపిస్తాడు. దీనమ్మను వెంటబెట్టుకుని తనే మండలానికి వెళ్ళాడు. వంతెన కావాలన్నాడు. వాళ్ళు కంప్యూటరులో చూసి, "మీ ఊరికి వంతెన ఉంది కదండీ" అన్నారు. అది తప్పుచోట ఉందన్నాడు. వాగు ఉన్నచోటే ఉంది, ఇదిగో మీ పంచాయతీ పటం, మీ సంతకమే ఉంది అన్నారు. ఆవలపేటకు దారి కావాలన్నాడు. అలాంటి పేట పటంలో లేదన్నారు. ఆయన ఇప్పటికీ నెలనెలా వెళ్తున్నాడు. తను నమ్మింది లోకం అంతకంటే గట్టిగా నమ్మితే ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలిసొచ్చింది. దీనమ్మ కూడా ఆయనతోనే వెళ్తోంది. వచ్చే కార్తీకానికి పేటలో ఇంకెవరికో నెలలు నిండుతాయి.

నేను దీనమ్మ ఇంట్లో ఉన్నాను. నన్ను మధ్యకు మడిచి, తాళ్ళు కట్టి, దూలానికి ఉయ్యాల వేశారు. నాకు ఇప్పుడు పైనా కిందా లేవు, తూర్పూ పడమరా లేవు, ఊపినవాళ్ళ చేతివాటమే దిక్కు. ఏ చోటు లేదని చెప్పడానికి నన్ను రాశారో ఆ చోటులోనే ఉంటున్నాను. పిల్ల బొద్దుగా, బరువుగా ఉంది. సిద్ధాంతిగారు వద్దన్న ఈశాన్యం మూలలోనే, చేపల పక్కన, నిద్రపోతుంది.

పొద్దున పిల్ల పక్క తడిపింది. నీలంగీత మీదుగా, మామిడితోపు దాటి, వంతెన ఉండాల్సిన చోటు కిందుగా ధారగా పారింది. నా ఈశాన్యంలోకి నిజంగానే నీళ్ళు వచ్చాయి. దీనమ్మ చూసి, "ఇదిగో అమ్మాయ్, వాగొచ్చింది" అని నవ్వి, పొడిగుడ్డ తేవడానికి లోపలికి వెళ్ళింది.